ప్రయోగాత్మక క్లబ్ మ్యూజిక్ చెయ్యాలనుకునేవాళ్లకి: ఏ దారి, ఏ సాఫ్ట్‌వేర్, ఏ మైకు?

నెల్లూరు, కావలి, ఒంగోలు కుర్రాళ్ల దగ్గర్నుంచి ఎక్కువగా వినపడే ప్రశ్న ఒకటే. "అన్నా, పాటలు కట్టడానికి ఎఫ్‌ఎల్ స్టూడియో సాఫ్ట్‌వేర్ తీసుకోమంటావా, ఏబుల్టన్ తీసుకోమంటావా?" పెళ్లిళ్లకు డీజే వాయించేవాళ్లూ ఇదే అడుగుతారు, హాస్టల్ గదిలో హెడ్‌ఫోన్స్ తగిలించుకుని తెల్లవార్లూ కూర్చునే బీటెక్ పిల్లలూ ఇదే అడుగుతారు. సినిమా పాటకు రీమిక్స్ కట్టుకోవడానికైతే జవాబు తేలికే: చేతికి ఏది అలవాటైతే అది. కానీ కొందరికి వేరే ఆకలి ఉంది. కిక్ డ్రమ్మే మెలితిరిగి వంకరపోవాలి, గాజు పగిలిన చప్పుడు, ఇనుము రాసుకున్న చప్పుడు, ఊపిరి పీల్చిన చప్పుడు తాళమై నిలబడాలి, దానికి జనం అడుగెయ్యాలి. ఇట్టాంటి సంగీతం చెయ్యాలనుకునేవాళ్లు సాఫ్ట్‌వేర్ పేరుతో మొదలుపెడితే డబ్బూ పోతుంది, ఉత్సాహమూ పోతుంది.

ముందు తేల్చుకోవాల్సింది, మీ శబ్దం ఎక్కడ్నుంచి వస్తుందన్నది. బయట ఉన్నదాన్ని మైకుతో పట్టుకుంటారా? సింథసైజర్‌లో (శబ్దాన్ని కృత్రిమంగా తయారుచేసే వాద్యం లేదా సాఫ్ట్‌వేర్) పుట్టిస్తారా? లేక నియమాలు రాసిపెట్టి కంప్యూటర్ చేత వాయింపిస్తారా? ఈ మూడింటికీ పనిముట్లు వేరు, ఖర్చు వేరు, కావలసిన ఓపిక వేరు. ఇది తేలితే సాఫ్ట్‌వేర్ ఏదన్నది దానంతటదే సగం తేలిపోతుంది.

ఖరీదైన సామాను లేకపోతే ఇవన్నీ మనకెందుకులే అనుకునేవాళ్లకి రెండు మాటలు. దక్షిణాఫ్రికాలోని డర్బన్ శివారు బస్తీల్లో గ్కోమ్ అనే సంగీతం పుట్టింది మామూలు కంప్యూటర్లలో, ఎక్కువ భాగం ఎఫ్‌ఎల్ స్టూడియోలోనే. షికాగోలో 160 బీపీఎం (నిమిషానికి బీట్లు) దగ్గర పరుగెత్తే ఫుట్‌వర్క్ అనే డాన్సు సంగీతాన్ని నిలబెట్టింది అకాయ్ వాళ్ల ఎంపీసీ శాంప్లర్లు, అంటే చప్పుళ్లను రికార్డు చేసి మీటలతో వాయించే పెట్టెలు. మన దేశానికీ ఇది కొత్త కాదు. 1969లోనే అహ్మదాబాద్ నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో మూగ్ సింథసైజర్‌తో ఎలక్ట్రానిక్ స్టూడియో పెట్టారు. 1982లో ముంబైలో చరణ్‌జిత్ సింగ్ రోలాండ్ టీబీ-303 బేస్ సింథ్, టీఆర్-808 డ్రమ్ మెషిన్ పెట్టెలతో రాగాలు వాయించి రికార్డు చేశారు. షికాగోలో అవే 303 మోతలతో యాసిడ్ హౌస్ అనే క్లబ్ సంగీతం మొదలవడానికి అది కొన్నేళ్ల ముందు మాట.

వినడానికి ఏం కొనాలి

కొనేవాటిలో మొదటిది సాఫ్ట్‌వేర్ కాకూడదని నా గట్టి అభిప్రాయం. క్లబ్ సంగీతానికి ప్రాణం 40 నుంచి 100 హెర్ట్జ్ (సెకనుకు కంపనాలు) మధ్య, అంటే బేస్‌లో ఉంటుంది. ఫోన్ స్పీకర్ ఆ కింది స్వరాలను అసలు పలకదు, ల్యాప్‌టాప్ స్పీకరూ అంతే. 40 హెర్ట్జ్ తరంగం పొడవు ఎనిమిదిన్నర మీటర్లు. అంత పెద్ద అలతో హాలంతా కదిలించాలంటే కల్యాణ మండపంలో పెట్టే బేస్ బాక్సులే కావాలి. వినపడనిదాన్ని సరిదిద్దడం ఎవరివల్లా కాదు.

ఇక ఎంపిక స్టూడియో మానిటర్లా (మిక్సింగ్‌కి వాడే స్పీకర్లు), హెడ్‌ఫోన్సా అన్నది. మన ఇళ్లల్లో గదులు చూడండి: నున్నగా పూసిన సిమెంటు గోడలు, పైన స్లాబు, కింద టైల్స్ లేదా గ్రానైట్ బండలు. పన్నెండడుగుల పొడవు, పదడుగుల వెడల్పు ఉన్న గదిలో పొడవు వైపు సుమారు 47 హెర్ట్జ్ దగ్గర, వెడల్పు వైపు సుమారు 56 హెర్ట్జ్ దగ్గర స్థిర తరంగాలు నిలబడతాయి. సరిగ్గా కిక్ డ్రమ్ కూర్చునే చోటు అది. కుర్చీలో కూర్చుంటే బేస్ మాయమవుతుంది, లేచి గోడ దగ్గరకు పోతే గుండెలదిరిపోతాయి. మూలల్లో దూది పరుపులు నిలబెడితే పై స్వరాల గలగల తగ్గుతుంది గానీ ఈ బేస్ గొడవ తగ్గదు. అందుకే చిన్న గదిలో వేలు పోసి మానిటర్లు కొనడం కన్నా మంచి హెడ్‌ఫోన్స్ ఒక జత కొనడం మేలు. చెవిని పూర్తిగా మూసే రకం బయట రికార్డింగ్‌కీ పనికొస్తుంది. వెనక తెరిచి ఉండే రకం మిక్సింగ్‌కి సుఖం, కానీ ఫ్యాను చప్పుడు, వీధిలో ఆటోల మోత అన్నీ లోపలికొస్తాయి. ఒక్కటే కొనగలిగితే మూసే రకమే తీసుకోండి.

హెడ్‌ఫోన్స్‌లో చేసిన పాట పెద్ద బాక్సుల మీద ఎట్టా ఉంటుందో తెలియాలంటే, డీజే సిస్టం అద్దెకిచ్చే వాళ్లతో స్నేహం చెయ్యండి. పెళ్లికి బాక్సులు కట్టి సౌండ్ చెక్ చేసేటప్పుడు మన ట్రాకు రెండు నిమిషాలు వేయమంటే కాదనేవాళ్లు తక్కువ. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా లౌడ్‌స్పీకర్లకు నిషేధం కాబట్టి పగలే పెట్టుకోండి. చెవులకు ఇయర్ ప్లగ్‌లు మర్చిపోవద్దు. పెద్ద బాక్సుల ముందు వాటిని పెట్టుకోకుండా గంటలు గంటలు నిలబడితే పోయిన వినికిడి మళ్లీ రాదు. అక్కడ వినాల్సిందల్లా ఒకటి: కిందిస్వరాలు గట్టిగా, ఒకే చోటు నుంచి కొడుతున్నాయా, లేక మెత్తగా కరిగిపోతున్నాయా. కరిగిపోతుంటే ఇంటికొచ్చి 100 హెర్ట్జ్ కిందున్నదాన్నంతా మోనో చెయ్యండి, అంటే ఎడమలోనూ కుడిలోనూ ఒకే చప్పుడు ఉండాలి. మన దగ్గర చాలా సిస్టాలు ఎడమ, కుడి రెండు చానళ్లనూ కలిపి బేస్ బాక్సులకు పంపుతాయి. స్టీరియోలో వెడల్పు చేసిన బేస్ అక్కడ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది.

మొదటి దారి: పట్టుకోవడం

1948లో పారిస్‌లో పియర్ షాఫెర్ రైలింజన్ల చప్పుళ్లు రికార్డు చేసి, ఆ ముక్కలను మళ్లీ మళ్లీ మోగించి, పక్కపక్కన పేర్చి సంగీతం కట్టాడు. ఆ దారి ఇది. మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల వాళ్లకి నేను ముందుగా చెప్పేది దీన్నే, ఎందుకంటే ఇక్కడున్న శబ్దాలు ఏ శాంపిల్ ప్యాకులోనూ (రెడీమేడ్‌గా అమ్మే చప్పుళ్ల కట్ట) దొరకవు. మైపాడు వైపు, కొత్తపట్నం వైపు రొయ్యల గుంటల్లో తిరిగే ఏరియేటర్లు, చీమకుర్తి క్వారీల్లో గ్రానైట్ కోసే రంపాలు, పెన్నా వంతెన మీద గూడ్సు బండి, ఊరేగింపులో డప్పులు. (క్వారీలోకి అనుమతి లేకుండా, రక్షణ లేకుండా పోవద్దు. రైలు పట్టాల మీదికి అసలే పోవద్దు. వంతెన మోత ఇసుకలోంచే బ్రహ్మాండంగా వినపడుతుంది.)

దేనితో పట్టుకోవాలి? ఫోన్‌తో మొదలుపెట్టొచ్చు, కానీ ఫోన్ మన మాటలు వినడానికి తయారైంది. చుట్టూ ఉన్న చప్పుణ్ని తగ్గించి, చిన్న గొంతును పెంచి ఇస్తుంది. మనకు కావలసింది ఆ చుట్టూ ఉన్న చప్పుడే. కాబట్టి వేవ్ ఫైలుగా, ఎలాంటి ప్రాసెసింగ్ లేకుండా రికార్డు చేసే యాప్ వాడండి.

జేబులో పట్టే రికార్డరు దీనికి రెండో మెట్టు, నా లెక్కలో ఈ దారిలో పెట్టే ఖర్చులన్నిటిలోకీ సార్థకమైనది. 32-బిట్ ఫ్లోట్ ఉన్న రకం దొరికితే లెవెల్ సరిగా పెట్టలేదన్న బాధ ఉండదు, ఎక్కువైనా తర్వాత తగ్గించుకోవచ్చు. అయితే మైకు క్యాప్సూలే (శబ్దాన్ని అందుకునే లోపలి భాగం) తట్టుకోలేనంత మోత అయితే ఏ ఫ్లోటూ కాపాడదు. క్వారీలోనూ డప్పుల దగ్గరా కాస్త దూరం జరగాలి. రికార్డరు 96 కిలోహెర్ట్జ్ కూడా ఇస్తే అందులోనే పట్టండి. మైకు కూడా ఆ పై స్వరాలను అందుకునేదైతే, రెండు ఆక్టేవులు (స్థాయిలు) కిందికి దించినా శబ్దంలో వివరం మిగులుతుంది. 44.1లో పట్టినదాన్ని అంత దించితే దుప్పటి కప్పినట్టు మూసుకుపోతుంది. సముద్రం ఒడ్డున గాలి సంగతి తెలిసిందేగా, మైకుకు బొచ్చు తొడుగు లేకపోతే అలల బదులు గాలి బాదుడే వస్తుంది.

మూడోది చాలామందికి తెలియని చవక సరుకు: పియెజో డిస్కు. ఎలక్ట్రానిక్స్ సామాన్ల కొట్లో బజర్లకు వాడే గుండ్రటి ఇత్తడి బిళ్ల. రెండు వైర్లు అతికించి ఇనప గేటుకో, ట్రాక్టర్ రేకుకో అంటిస్తే గాలిలో వినపడని లోపలి కంపనం వినపడుతుంది. గోళ్ల రంగు నాలుగైదు పూతలు పూసి నీరు దూరకుండా చేస్తే నీళ్లలోకీ దించొచ్చు. దీన్ని ఆడియో ఇంటర్‌ఫేస్‌లో (మైకును కంప్యూటర్‌కి కలిపే పెట్టె) మామూలు మైకు ఇన్‌పుట్‌కి కాకుండా గిటార్ ఇన్‌పుట్‌కి పెట్టండి. పియెజోకి మెగా ఓముల ఇన్‌పుట్ కావాలి. లేకపోతే బేస్ అంతా పోయి రేకు డబ్బా గొంతు ఒక్కటే మిగులుతుంది.

ఈ దారిలో పని ఎట్టా నడుస్తుందో ఏరియేటర్‌తోనే చూద్దాం. తెడ్ల చక్రం నీళ్లను కొడుతుంటే కింద మోటారు గుమ్మనే మోత, పైన తపతపా నీటి దెబ్బలు ఉంటాయి. ఇరుసు నిమిషానికి 100 సార్లు తిరిగి, చక్రానికి 8 రెక్కలు ఉన్నాయనుకోండి. నిమిషానికి 800 దెబ్బలు. పాట టెంపో 200 బీపీఎం అనుకుంటే బీటుకు నాలుగు దెబ్బలు, చతురశ్ర గతి. టెంపోని 160కి దించండి. అదే రికార్డింగ్, ఒక్క దెబ్బ జరపలేదు, ఇప్పుడు బీటుకు అయిదు పడతాయి. ఖండ గతి, అదీ ఫుట్‌వర్క్ వేగంలో. నీళ్ల చప్పుడు అయిదు లెక్కన పోతుంటే, దాని మీద నాలుగు లెక్కన కిక్ పెడితే వినేవాడి కాలికి ఏ లెక్క పట్టుకోవాలో తెలియక రెండూ పట్టుకుంటుంది. రికార్డింగ్‌ను గ్రిడ్‌కు (తెర మీద టెంపో చూపించే గీతలు) లాగి సరిచెయ్యడం కన్నా, గ్రిడ్‌నే రికార్డింగ్ దగ్గరకు తీసుకెళ్లడం వల్ల వచ్చే లాభం ఇదే. రెక్కలు అన్నీ ఒకేలా కొట్టవు, ఒకటి వంగి ఉంటుంది, ఆ ఒక్క దెబ్బే తాళానికి మొదలు అవుతుంది.

ఆ తర్వాత ఒక్క నీటి దెబ్బను కోసి తీసుకోండి. దాని కింద 200 హెర్ట్జ్ నుంచి 50కి జారే సైన్ తరంగం (ఏ కల్తీ లేని ఒకే స్వరం) పెడితే అది కిక్. మొదటి పది మిల్లీసెకన్లు నీళ్లవి, తోక సైన్‌ది. మిగిలిన మోటారు మోతను గ్రాన్యులర్ సింథ్‌లో వేసి 20 నుంచి 80 మిల్లీసెకన్ల ముక్కలుగా చల్లితే పాట వెనక ఆవిరిలా కమ్ముకునే పొర దొరుకుతుంది. ముక్క పొడవు తగ్గించేకొద్దీ మోటారు పోయి స్వరం మిగులుతుంది. ఇక్కడే గంటలు గడిచిపోతాయి, గడవనివ్వండి.

ఇప్పుడు సాఫ్ట్‌వేర్. ఈ పనికి ఏబుల్టన్ లైవ్‌కి సాటి తక్కువ. ఆడియోను సాగదీసే వార్ప్, చప్పుళ్లను ముక్కలు చేసి ప్యాడ్‌ల మీద పరిచే సింప్లర్, వాయిస్తూనే అమర్చుకునే సెషన్ వ్యూ, అన్నీ దీనికోసమే పుట్టినట్టుంటాయి. చిక్కు ధర దగ్గర. ఇంట్రో ఎడిషన్‌లో 16 ట్రాకులే. రాబర్ట్ హెంకె చేసిన గ్రాన్యులేటర్ అనే గ్రాన్యులర్ సింథ్ లాంటివి ఆడాలంటే మాక్స్ ఫర్ లైవ్ అనే అదనపు భాగం కావాలి. అది సూట్ ఎడిషన్‌తో వస్తుంది, విద్యార్థి తగ్గింపు ఉన్నా ఆ ఎడిషన్ భారమే. చిన్న మిడి కీబోర్డు (సాఫ్ట్‌వేర్‌ను వాయించే మెట్ల కీబోర్డు) కొంటే చాలావాటితో లైవ్ లైట్ ఉచితంగా వస్తుంది. కొనే ముందు పెట్టె మీద చూసుకోండి. రుచి చూడ్డానికి అది చాలు.

ఇలాంటిదే ఇంకో సాఫ్ట్‌వేర్ రీపర్, చూడ్డానికి కళగా ఉండదు. కానీ 60 రోజులు ఏ కోతా లేకుండా వాడి చూడొచ్చు, వ్యక్తిగత లైసెన్సు 60 డాలర్లు, అంటే మన లెక్కలో అయిదు వేల పైచిలుకు. పాత ల్యాప్‌టాప్‌లోనూ తేలిగ్గా నడుస్తుంది, కాలేజీ వాళ్లు వాడే లైనక్స్‌లోనూ నడుస్తుంది. రికార్డింగ్‌లను కోసి, తిప్పి, సాగదీసే పనికి ఇది దిట్ట. దీనికి తోడు ఉచితంగా దొరికే ఆడాసిటీలో పాల్‌స్ట్రెచ్ అనే ఎఫెక్ట్ ఉంది. రెండు సెకన్ల డప్పు దెబ్బను రెండు నిమిషాల మేఘం చేసి ఇస్తుంది. డబ్బు తక్కువ, ఓపిక ఎక్కువ ఉన్నవాళ్లకి నా ఓటు రీపర్‌కే.

ఎఫ్‌ఎల్ స్టూడియో కొనేవాళ్లు రెండు సంగతులు చూసుకోవాలి. అన్నిటికన్నా చవకైన ఫ్రూటీ ఎడిషన్‌లో ఆడియో రికార్డింగ్ ఉండదు. పట్టుకునే దారి వాళ్లకి ప్రొడ్యూసర్ ఎడిషనే కనీసం. ట్రయల్ వెర్షన్‌లో ప్రాజెక్టు సేవ్ అవుతుంది గానీ, కొనేదాకా దాన్ని మళ్లీ తెరవనివ్వదు. మంచి సంగతేమంటే, ఒకసారి కొంటే ఆ తర్వాత వచ్చే వెర్షన్లన్నీ జీవితాంతం ఉచితం.

రెండో దారి: పుట్టించడం

బయట తిరగడం కుదరనివాళ్లకి, కరెంటు మోత కూడా కలవని శుద్ధమైన, వింతైన శబ్దాలు కావాలనుకునేవాళ్లకి ఇది. ఇక్కడ వేవ్‌టేబుల్, ఎఫ్‌ఎం అనే రెండు పద్ధతుల మధ్య ఎంచుకోవాలి.

వేవ్‌టేబుల్ అంటే తరంగాల ఆకారాలను వరసగా పేర్చి, ఒకదాన్నుంచి ఇంకోదానికి జరుపుతూ పోవడం. దీనికి వైటల్ అనే ప్లగిన్ (పెద్ద సాఫ్ట్‌వేర్ లోపల నడిచే సింథ్) ఉంది, 2020లో వచ్చింది. ఉచిత వెర్షన్‌లోనూ ఇంజన్ మొత్తం ఉంటుంది. డబ్బు కట్టేది ప్రీసెట్లు (ముందే తయారుచేసిన శబ్దాలు), వేవ్‌టేబుళ్లు ఎక్కువ కావాలంటేనే. మాడ్యులేషన్, అంటే శబ్దం దానంతటదే మారుతుండటం, కళ్లకు కదులుతూ కనపడుతుంది కాబట్టి నేర్చుకోవడం తేలిక. ఇదే రకం సింథ్ సీరమ్ 2014 నుంచీ ఉంది, పేరున్నది, పాఠాలు కోకొల్లలు. అయినా కొత్తవాళ్లకి సీరమ్ కొనమని నేను చెప్పను. దానికి ప్రీసెట్ ప్యాకులు అమ్మేవాళ్లు అరచేతిలో వైకుంఠం చూపిస్తారు, కొన్నాక వెయ్యిమంది పాటలు ఒకే మసాలా ప్యాకెట్‌తో వండినట్టు తయారవుతాయి. ఇంకో సింథ్ సర్జ్ ఎక్స్‌టీ పూర్తిగా ఉచితం, ఓపెన్ సోర్స్. ముఖం కాస్త కరుకు, కడుపులో ఉన్నది మాత్రం చాలా ఎక్కువ.

ఎఫ్‌ఎం నాకు ఇష్టమైన పద్ధతి, కాబట్టి కాస్త ఎక్కువ చెబుతాను. 1967లో స్టాన్‌ఫర్డ్‌లో జాన్ చౌనింగ్ కనిపెట్టాడు. 1983లో యమహా డీఎక్స్7 సింథసైజర్‌గా లోకమంతా మోగింది. ఒక తరంగం ఇంకో తరంగాన్ని వేగంగా వణికిస్తుంది, అంతే దాని కిటుకు. 200 హెర్ట్జ్ తరంగాన్ని 200 తోనే వణికిస్తే 400, 600, 800 అని శ్రుతిలో కలిసే స్వరాలు వస్తాయి. అదే 200ను 282తో వణికించండి. 82, 364, 482, 764 దగ్గర స్వరాలు లేస్తాయి. ఇవి ఒకదానికొకటి శ్రుతిలో కలవవు, చెవి దాన్ని లోహం అని గుర్తుపడుతుంది. గుడి గంట ఆ కుటుంబంలోదే. ఇప్పుడు వణికించే బలానికి ఒక ఎన్వలప్ (కాలంతో పాటు ఎక్కి దిగే గీత) ఇచ్చి, మొదట ఎక్కువగా మొదలై సెకనులో పదో వంతులో పడిపోయేట్టు పెడితే గంట కాస్తా ఇనప డ్రమ్ము అవుతుంది. ఆ ఎన్వలప్‌నే తిరగేస్తే ఊపిరి లోపలికి లాగినట్టు ఉంటుంది. నిష్పత్తిని 1.41 నుంచి 1.5 దాకా మెల్లగా జరిపితే లోహం కరిగి శ్రుతిలో కూర్చునే క్షణం వినపడుతుంది. ప్రయోగాత్మక క్లబ్ సంగీతంలో ఒళ్లు జలదరించే చోట్లు చాలావరకు ఇట్టాంటి ఒక్క నాబ్ కదలిక మీద నిలబడినవే. డెక్స్డ్ అనే ఉచిత ప్లగిన్ డీఎక్స్7ను అచ్చంగా అనుకరిస్తుంది. వైటల్‌లోనూ ఒక ఆసిలేటర్‌తో (తరంగం పుట్టించే భాగం) ఇంకోదాన్ని ఎఫ్‌ఎం చెయ్యొచ్చు. వైటల్‌తోనే మొదలుపెట్టి, లోహం రుచి పట్టినవాళ్లు డెక్స్డ్‌కి పోండి.

క్రాక్ చేసిన ప్లగిన్ల గురించి ఒక్క మాట. వైటల్, సర్జ్, డెక్స్డ్ ఇంత బాగా ఉచితంగా దొరుకుతుండగా వైరస్‌తో వచ్చే దొంగ కాపీ ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించుకోవాల్సిన అవసరం లేదు.

మూడో దారి: రాయడం

కోడ్ రాయడానికి భయపడని వాళ్లకి అన్నిటికన్నా చవకైన, అన్నిటికన్నా వింతైన దారి ఇది. కోడ్‌తో శబ్దం పుట్టించే సూపర్‌కొల్లైడర్ 1996 నుంచి ఉంది, ఉచితం. దాని మీద కూర్చుని పనిచేసే టైడల్‌సైకిల్స్ తాళాలను అక్షరాల్లో రాసుకునే భాష. ఇన్‌స్టాల్ చేసుకోవడం తలనొప్పి అనుకుంటే స్ట్రుడెల్ ఉంది: అదే టైడల్ పద్ధతి బ్రౌజర్‌లోనే నడుస్తుంది, కాలేజీ ల్యాబ్ కంప్యూటర్లో కూడా. పైథానో సీనో ఎంతో కొంత తెలిసినవాళ్లు ఒక సాయంత్రంలో మోత పుట్టించగలరు. ఇంకా చిన్న పిల్లలకైతే 2012లో శామ్ ఆరన్ మొదలుపెట్టిన సోనిక్ పై మంచిది, పాఠాలు దాంట్లోనే ఉంటాయి.

ఈ భాషల్లో యూక్లిడ్ తాళం అని ఒకటి ఉంది. ఎనిమిది గడుల్లో మూడు దెబ్బలను వీలైనంత సమంగా పంచమంటే 3, 3, 2గా పంచుతుంది. 2005లో గాడ్‌ఫ్రీడ్ టూసెంట్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త, గ.సా.భా. కనుక్కునే యూక్లిడ్ పద్ధతే ప్రపంచంలోని ఎన్నో సంప్రదాయ తాళాలను ఇస్తుందని చూపించాడు. ఏడు గడుల్లో మూడు దెబ్బలు పంచి, మొదలు కాస్త జరిపితే 3, 2, 2 వస్తుంది. అది మన మిశ్రచాపు. అయిదు గడుల్లో రెండు పంచితే ఖండచాపు. మృదంగం క్లాసులో చేతితో నేర్చుకున్నది రెండు అంకెల్లో ఇమిడిపోతుంది, ఆ అంకెల్ని పాట నడుస్తుండగానే మార్చొచ్చు. తాళం తెలిసిన మనవాళ్లకి ఈ దారిలో ఉన్న మొగ్గు ఇదే. షికాగోలోనో బెర్లిన్‌లోనో నాలుగు మీద పెరిగినవాడికి ఏడు కొత్త, మనకు కాదు.

కోడ్ వద్దు, చేత్తో వైర్లు కలపాలి అనుకునేవాళ్లకి వీసీవీ రాక్. లక్షలు పోసి కొనే యూరోరాక్ మాడ్యులర్ సింథ్‌ను (విడి పెట్టెలను వైర్లతో కలిపే సింథ్) తెర మీద కట్టుకోవచ్చు, ఉచితంగా. ఉచిత వెర్షన్ విడి ప్రోగ్రాంగా నడుస్తుంది, మీ డీఏడబ్ల్యూలో (ఏబుల్టన్, రీపర్ లాంటి పాట కట్టే సాఫ్ట్‌వేర్) ప్లగిన్‌గా కావాలంటే ప్రో కొనాలి. వీసీవీకీ మామూలు సాఫ్ట్‌వేర్‌కీ మధ్య మెట్టు బిట్‌విగ్ స్టూడియో: దాని పై ఎడిషన్‌లో గ్రిడ్ అనే మాడ్యులర్ లోకం ఉంది, లైనక్స్‌లోనూ నడుస్తుంది. మంచిదే, ధర చూసి ఆలోచించండి.

ఈ దారికి ఒక పెద్ద లోపం ఉంది. మోత ఆగకుండా పుడుతూనే ఉంటుంది, పాట మాత్రం పూర్తి కాదు. ఎక్కడ మొదలెట్టాలి, ఎక్కడ ఆపాలి అన్నది కోడ్ చెప్పదు. అందుకే ఇరవై నిమిషాలు వాయించి వేవ్ ఫైలుగా రికార్డు చేసుకుని, దాన్ని రీపర్‌లో వేసి బాగున్న మూడు నిమిషాలు కోసుకోవడం అలవాటు చేసుకోండి.

పెట్టెలు కొనాలా?

కోర్గ్ వోల్కాలు, ఎలెక్ట్రాన్ డిజిటాక్ట్ లాంటి సింథ్, డ్రమ్ పెట్టెలు చేతికి హాయిగా ఉంటాయి, మౌస్ అలసట లేకుండా వాయించుకోవచ్చు. కానీ చాలావరకు దిగుమతి సరుకు, సుంకాలు కలిసి ధర పెరుగుతుంది, పాడైతే నెల్లూరులోనో ఒంగోలులోనో బాగుచేసేవాళ్లు దొరకరు. వేదిక మీద ల్యాప్‌టాప్ లేకుండా వాయించాలన్న కోరిక గట్టిగా ఉంటే తప్ప మొదటి ఏడాది వద్దు. ఆ డబ్బులో కొంత పెట్టి రికార్డరు, ఇంకొంత పెట్టి రెండు ఇన్‌పుట్ల ఆడియో ఇంటర్‌ఫేస్ కొనండి.

ఎవరికి ఏది

పెళ్లి డీజేలకి నేను చెప్పేది: మీకు అలవాటైన ఎఫ్‌ఎల్‌ను వదలొద్దు, ప్రొడ్యూసర్ ఎడిషన్‌కి ఎక్కండి. పెద్ద బాక్సులు మీ చేతిలో ఉన్నాయి. ఆ భాగ్యం హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కూర్చున్న ఎవరికీ లేదు. వచ్చే జనానికి సినిమా పాటే కావాలి, నిజమే. అయినా రెండు పాటల మధ్య నలభై సెకన్ల దారిలో మీ ఏరియేటర్ కిక్ పెట్టి చూడండి. అడుగు ఆగకపోతే తర్వాతి పెళ్లికి నిమిషం చెయ్యొచ్చు.

బీటెక్ వాళ్లకి స్ట్రుడెల్, తర్వాత సూపర్‌కొల్లైడర్, రికార్డు చేసుకోవడానికి రీపర్. రీపర్ లైసెన్సు తప్ప పైసా పెట్టకుండా ఏడాది నేర్చుకోవచ్చు. డప్పు, మృదంగం, నాదస్వరం ఏదో ఒకటి వాయించేవాళ్లు తప్పకుండా మొదటి దారి పట్టండి, మీ వాద్యం మీద పియెజో బిళ్ల అంటించడంతోనే మొదలుపెట్టండి. ఏబుల్టన్‌కి డబ్బు సర్దగలిగితే మీకే ఎక్కువ ఉపయోగం. కీబోర్డు వాయించేవాళ్లకి వైటల్.

ఒక్కరే మూడు దారులూ నడవాలని లేదు. చీమకుర్తిలో ఉన్నవాడు రికార్డు చేసి, కావలిలో ఉన్నవాడు కోడ్ రాసి, నెల్లూరులో ఉన్నవాడు బాక్సుల మీద విని సరిచేస్తే ముగ్గురి పనీ పెరుగుతుంది. అట్టా పంచుకునేటప్పుడు గొడవలు రాకుండా: అందరూ 48 కిలోహెర్ట్జ్, 24-బిట్ వేవ్ ఫైళ్లే పంపండి, వాట్సాప్‌లో ఆడియోగా కాకుండా డాక్యుమెంటుగా పంపండి, ప్రతి ఫైలూ పాట మొదటి సెకను నుంచే మొదలయ్యేట్టు ఎగుమతి చెయ్యండి, ఫైలు పేరులోనే బీపీఎం, గతి రాయండి.